రొయ్యల ప్లాంటులో పాసివ్ వాయిస్: ఒక సూపర్‌వైజర్ నివేదికలపై కేస్ స్టడీ

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, క్వాలిటీ విభాగంలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న ఒక యువతి ఇంగ్లీషులో రాసే నివేదికలను చక్కదిద్దే బాధ్యతను నాకు అప్పగించారు. 2009లో వెనామీ రకం రొయ్యకు దేశంలో అనుమతి లభించిన తరువాత గోదావరి డెల్టాలో చెరువులతో పాటు ఎగుమతి ప్లాంట్లూ పెరిగాయి, వాటితో పాటు ఇంగ్లీషు రాయవలసిన ఉద్యోగాలూ పెరిగాయి. ఈ ఉద్యోగాల్లో ఇంగ్లీషు మాట్లాడవలసిన అవసరం తక్కువ. లోడ్ ఎప్పుడు వచ్చింది, ఉష్ణోగ్రత ఎంత ఉంది, ఏ టబ్బు పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నవి కాగితం మీద పెట్టవలసిన అవసరం మాత్రం గంట గంటకూ ఉంటుంది. విదేశీ కొనుగోలుదారు తరఫున వచ్చే ఆడిటర్ ఆ కాగితాలనే చదువుతాడు.

ఈ యువతి పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, తరువాత బీఎస్సీ చేసింది. పనిలో దిట్ట. రొయ్యను చేత్తో పట్టుకుని కౌంట్, అంటే కిలోకు ఎన్ని తూగుతాయో, చెప్పగలదు. ఆమె రాసిన నివేదికల్లో నాకు మొదట చూపించినదాన్ని ఆమె అనుమతితో ఇక్కడ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను.

“ద లోడ్ వాజ్ అరైవ్డ్ ఎట్ ఫైవ్ థర్టీ. ఐస్ వాజ్ మెల్టెడ్ ఇన్ ద వ్యాన్. ద టెంపరేచర్ నాట్ చెక్డ్ బై వర్కర్స్. ఫోర్ టబ్స్ వాజ్ రిజెక్ట్ బై అజ్. ఫ్రెష్ ఐస్ ఈజ్ బీన్ యాడెడ్ టు అదర్ టబ్స్. దిస్ ప్రాబ్లమ్ వాజ్ హాపెండ్ డ్యూ టు ట్రాఫిక్ ఎట్ ద లాక్స్.”

కాలువ లాకుల దగ్గర వంతెన ఇరుకు కావడంతో వ్యాన్ ఆగిపోయింది, ఐస్ కరిగిపోయింది, సరుకు ఆలస్యంగా చేరింది. జరిగింది ఇంతే. కాని ఈ కాగితం చదివిన ఆడిటర్‌కు రెండు అనుమానాలు వచ్చాయి. వ్యాన్‌లో ఐస్‌ను ఎవరో కావాలనే కరిగించారా అన్నది మొదటిది. ఉష్ణోగ్రత చూడటం ఈ ప్లాంటులో కూలీల పనా అన్నది రెండోది. రెండూ వ్యాకరణం పుట్టించిన అనుమానాలే.

ఆరు వాక్యాల్లోనూ తప్పులున్నాయి కదా, ఆమెకు పాసివ్ వాయిస్ రాదని అనుకోవడం సులభం. పరీక్షించి చూస్తే విషయం వేరుగా కనిపించింది. “రామా కిల్డ్ రావణా” అన్న వాక్యాన్ని ఇస్తే తడుముకోకుండా “రావణా వాజ్ కిల్డ్ బై రామా” అని మార్చింది. కర్మను ముందుకు తేవాలి, తగిన బీ ఫారమ్ (ఈజ్, వాజ్, వర్ లాంటిది) పెట్టాలి, వీ-త్రీ (క్రియ మూడో రూపం) రాయాలి, కర్తను “బై” తరువాత చేర్చాలి అన్న నాలుగు మెట్లనూ వరుస తప్పకుండా అప్పజెప్పింది. “ఓపెన్ ద డోర్” అన్నదాన్ని “లెట్ ద డోర్ బీ ఓపెన్డ్” అని కూడా మార్చగలిగింది. తలుపు తీయమని ఎవరూ ఎవరికీ అలా చెప్పరు గాని, పరీక్ష గదుల్లో ఆ వాక్యం ఇంకా బతికే ఉంది.

అంటే సూత్రం ఆమెకు వచ్చు. ఆ సూత్రానికి కావలసిన ముడిసరుకే నివేదిక రాసేటప్పుడు ఆమె చేతిలో లేదు. బడిలో నేర్పే వాయిస్ అభ్యాసం ఒక యాక్టివ్ వాక్యంతో మొదలవుతుంది. ఆ వాక్యాన్ని పుస్తకమే ఇస్తుంది, విద్యార్థి తిరగేస్తాడు. ఉదయం ఆరు గంటలకు టబ్బుల మధ్య నిలబడి రాసే మనిషికి అలాంటి వాక్యం ఎవరూ ఇవ్వరు. ఆమె మనసులో ఉన్నది “ఐస్ వేశారు” అన్న తెలుగు వాక్యం. అందులో తిరగేయడానికి కర్తే లేదు. కాబట్టి ఈ కేసులో నేను పెట్టుకున్న పని పాసివ్‌ను మళ్ళీ మొదటి నుంచి నేర్పడం కాదు. ఆమె రోజూ వాడే తెలుగు వాక్యం నుంచి ఇంగ్లీషు పాసివ్‌కు నేరుగా దారి వేయడం.

“ఐస్ వేశారు”

తెలుగు వ్యాకరణ పాఠాల్లో కర్మణి వాక్యానికి గుర్తుగా “బడు” అన్న ధాతువును, “చేత” అన్న విభక్తిని చూపుతారు. “రామునిచేత రావణుడు చంపబడెను” అన్న నమూనా అందరికీ తెలిసినదే. కాని మాటల్లో ఇది దాదాపు వినిపించదు. “ఇచ్చట జెరాక్స్ తీయబడును”, “గదులు అద్దెకు ఇవ్వబడును” లాంటి బోర్డుల మీద, ప్రభుత్వ ప్రకటనల్లో, అనువాద వార్తల్లో కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ “అన్నం వండబడింది” అనరు.

అయితే పాసివ్ చేసే పనిని తెలుగు మరో విధంగా రోజంతా చేస్తూనే ఉంటుంది. కర్తను వదిలేసి క్రియను బహువచనంలో పెడితే చాలు. కాలువలు కట్టేశారు, కరెంటు తీసేశారు, లోడ్ దించారు, శాంపిల్ తీశారు. ఎవరు అన్నది చెప్పేవారికీ వినేవారికీ అక్కర్లేదు. చేసిన పని, ఆ పని దేని మీద జరిగిందో ఆ వస్తువు, ఈ రెండే ముఖ్యం. ఇంగ్లీషులో కర్త లేని పాసివ్ చేసే పని సరిగ్గా ఇదే. ఈ వ్యాసం మొదటి వాక్యంలో నేను కూడా “అప్పగించారు” అని రాశాను. ఎవరు అప్పగించారని ఏ పాఠకుడూ అడిగి ఉండడు.

అందుచేత ఆమెకు మొదటి అభ్యాసంగా యాక్టివ్ వాక్యాలు ఇవ్వలేదు. షిఫ్టులో జరిగినవన్నీ కర్త లేని తెలుగు వాక్యాలుగా చెప్పమన్నాను. ఆ వాక్యం మొదట్లో ఉన్న వస్తువునే ఇంగ్లీషులోనూ మొదట పెట్టి, “వాజ్” గాని “వర్” గాని చేర్చి, క్రియను వీ-త్రీలో రాయమన్నాను. లోడ్ దించారు: “ద లోడ్ వాజ్ అన్‌లోడెడ్.” శాంపిల్స్ తీశారు: “శాంపిల్స్ వర్ టేకెన్.” నాలుగు టబ్బులు పక్కన పెట్టారు: “ఫోర్ టబ్స్ వర్ సెట్ అసైడ్.” తెలుగులో కర్మ ముందుకు రావడం సహజం కనుక పదాల వరుస ఎక్కడా తారుమారు కాలేదు. పుస్తకంలో నాలుగు మెట్లుగా ఉన్న పని ఇక్కడ ఒక్క అంగలో పూర్తయింది. “బై అజ్” అన్న తోక కూడా తనంతట తానే రాలిపోయింది, ఎందుకంటే “మా చేత” అన్న మాట అసలు తెలుగు వాక్యంలోనే లేదు.

ఒక చిన్న చిక్కు మాత్రం మిగిలింది. “రైతుకు రసీదు ఇచ్చారు” అన్నప్పుడు తెలుగులో “కు” విభక్తి ఉన్న మాట ముందు వస్తుంది. దాన్నే పట్టుకుని ఆమె “టు ద ఫార్మర్ వాజ్ గివెన్ ఏ రిసీట్” అని రాసింది. ఇంగ్లీషులో ఆ “టు” తీసేసి “ద ఫార్మర్ వాజ్ గివెన్ ఏ రిసీట్” అనవచ్చు, లేదా రసీదును ముందు పెట్టి “ఏ రిసీట్ వాజ్ గివెన్ టు ద ఫార్మర్” అనవచ్చు. ఇచ్చు, పంపు, చూపు, చెల్లించు లాంటి కొన్ని క్రియల దగ్గరే ఈ సమస్య వస్తుంది కాబట్టి దీని మీద ఎక్కువ కాలం గడపలేదు.

కరిగింది, కరిగించారు

అసలు కష్టం “వాజ్ అరైవ్డ్”, “వాజ్ హాపెండ్” దగ్గర ఉంది. డెల్టాలో నేను చూసే ఉద్యోగ దరఖాస్తుల్లో, ప్రాజెక్టు రిపోర్టుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. రావడం, జరగడం, పడటం, చేరడం లాంటి అకర్మక క్రియలకు పాసివ్ ఉండదని ప్రతి పుస్తకమూ చెబుతుంది. కాని ఒక ఇంగ్లీషు క్రియ సకర్మకమో అకర్మకమో గుర్తుపట్టడం ఎలాగన్నది నేర్చుకునేవారికి తేలదు. పైగా ఇంగ్లీషులో మెల్ట్, బ్రేక్, స్టాప్, ఓపెన్, డ్రై లాంటి క్రియలు రెండు విధాలుగానూ పనిచేస్తాయి. రూపం చూసి ఏమీ చెప్పలేం.

ఇక్కడ తెలుగు చాలా ఉదారంగా సాయం చేస్తుంది. మనకు ఈ తేడా క్రియ రూపంలోనే ఉంది: కరుగు, కరిగించు, ఆగు, ఆపు, దిగు, దించు, తెగు, తెంచు, విరుగు, విరుచు, చేరు, చేర్చు. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఎవరో చేసేది. కనుక పరీక్ష ఇలా పెట్టాను. మనసులో ఉన్న తెలుగు క్రియ “కరిగింది, ఆగింది, వచ్చింది, జరిగింది” అన్న తీరులో ఉంటే ఇంగ్లీషులో మామూలు యాక్టివ్ రాయాలి: “ద ఐస్ మెల్టెడ్”, “ద మెషీన్ స్టాప్డ్”, “ద లోడ్ అరైవ్డ్.” అదే “కరిగించారు, ఆపారు, తెచ్చారు” అన్న తీరులో ఉంటేనే పాసివ్: “ద ఐస్ వాజ్ మెల్టెడ్”, “ద మెషీన్ వాజ్ స్టాప్డ్”, “ద లోడ్ వాజ్ బ్రాట్.” ఆడిటర్‌కు మొదటి అనుమానం ఎందుకు వచ్చిందో ఈ జంటను పక్కపక్కన పెట్టగానే ఆమెకు తెలిసిపోయింది. “అంటే నేను ‘ఐస్ కరిగించారు’ అని రాశానండీ” అని నవ్వింది.

ఈ పరీక్ష అన్ని చోట్లా నిలవదు, ఆ మాట కూడా ఆమెకు ముందే చెప్పాను. “దొరికింది” తెలుగులో అకర్మకమే అయినా, ఒక టబ్బులో లోహపు ముక్క దొరికిందంటే ఇంగ్లీషులో “ఏ మెటల్ పీస్ వాజ్ ఫౌండ్” అనే రాయాలి. “పుట్టింది” అన్నది “వాజ్ బార్న్” అవుతుంది. “గ్రేడింగ్ అయింది” అన్నది “గ్రేడింగ్ వాజ్ కంప్లీటెడ్” అయితేనే నివేదికకు నప్పుతుంది. ఇలాంటివి ప్లాంటు పనిలో వచ్చేవి కొన్నే కాబట్టి వాటిని విడిగా ఒక కాగితం మీద రాసుకుంది.

మరో తప్పుదారి “పడు”లో ఉంది. భయపడు, కష్టపడు, ఆలస్యపడు, బయటపడు లాంటి మాటల్లో ఉన్న “పడు”కూ కర్మణి ప్రయోగంలోని “బడు”కూ పనిలో సంబంధం లేదు. కాని చెవికి రెండూ ఒకేలా ఉండటం వల్ల కాబోలు, “కష్టపడ్డాం” అనబోయి “వి వర్ స్ట్రగుల్డ్” అనీ, “భయపడ్డాను” అనబోయి “ఐ వాజ్ ఫియర్డ్” అనీ రాసేవారు కనిపిస్తారు. “ఐ వాజ్ ఫియర్డ్” అంటే నన్ను చూసి ఇతరులు భయపడ్డారని అర్థం. ఈమె రాతలోనూ ఆ ఛాయ ఒకటి రెండు చోట్ల ఉంది.

అట్టపెట్టె మీద వీ-త్రీ

రూపాల విషయానికి వస్తే, పాసివ్‌లో కాలాన్నీ వచనాన్నీ మోసేది బీ ఫారమ్ ఒక్కటే. వీ-త్రీ కదలదు, మారదు. పట్టికలో ఎన్ని కాలాలున్నా ఈ ఉద్యోగానికి కావలసినవి నాలుగే రూపాలు: జరిగిపోయినదానికి “వాజ్ చెక్డ్, వర్ చెక్డ్”, జరిగి ఇప్పటికి నిలిచి ఉన్నదానికి “హాజ్ బీన్ చెక్డ్”, జరుగుతున్నదానికి “ఈజ్ బీయింగ్ చెక్డ్”, నిబంధనకు “మస్ట్ బీ చెక్డ్.” మిగతావాటిని పక్కన పెట్టాను. “విల్ హావ్ బీన్ బీయింగ్ చెక్డ్” లాంటివి ఇంగ్లీషువారే వాడరు.

“ఈజ్ బీన్ యాడెడ్” అన్నది రెండు రూపాల కలగలుపు. “ఈజ్ బీయింగ్” లోని ఈజ్, “హాజ్ బీన్” లోని బీన్ అతుక్కున్నాయి. వేగంగా పలికినప్పుడు బీయింగ్, బీన్ ఒకేలా వినిపిస్తాయి కనుక చెవి ద్వారా నేర్చుకున్నవారికి ఇది సహజం. ఐస్ వేసేశారా, వేస్తున్నారా అని తెలుగులో అడిగితే ఆమె వెంటనే సరైనదాన్ని ఎంచుకునేది. ఈ “ఈజ్ బీయింగ్” రూపం ఇంగ్లీషులో అంత పాతది కూడా కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో గాని అది కనిపించదు. అంతకు ముందు ఇల్లు కడుతున్నారని చెప్పడానికి “ద హౌస్ ఈజ్ బిల్డింగ్” అనేవారు. పంతొమ్మిదో శతాబ్దపు వ్యాకర్తలు కొందరు కొత్త రూపాన్ని మొరటుదని తిట్టిపోశారు కూడా.

వీ-త్రీ కోసం నేను క్రియల పట్టికను బట్టీ పట్టించలేదు. ప్యాకింగ్ గదిలో ఉన్న మాస్టర్ కార్టన్ తెప్పించాను. దాని మీద “ఫ్రోజెన్” అని ఉంది. ఆమె నివేదికల్లో మాత్రం “వాజ్ ఫ్రీజ్డ్” అని ఉండేది. ప్లాంటులో అందరూ రోజంతా “పీడీ” అంటారు. పీడీ అంటే పీల్డ్ అండ్ డివీన్డ్, అంటే తొక్క వలిచి, నరం తీసిన రొయ్య. “పీయూడీ” అంటే తొక్క వలిచి నరం తీయనిది. ఈ మాటలన్నీ వీ-త్రీలే. కార్టన్ మీద అవి రొయ్యను వర్ణించే విశేషణాలుగా ఉన్నాయి. ముందు “వర్” చేరిస్తే నివేదిక వాక్యాలవుతాయి: “ద ష్రింప్ వర్ పీల్డ్, డివీన్డ్ అండ్ ఫ్రోజెన్.” తనకు ముందే నోటికి వచ్చిన మాటలే వ్యాకరణం కూడా అని తెలిశాక, “వాజ్ రిజెక్ట్” అని క్రియను మొండిగా వదిలేయడం చాలా వరకు ఆగింది. టేకెన్, కెప్ట్, సెంట్, త్రోన్, రిటన్ లాంటి కార్టన్ మీద లేని క్రియలను మాత్రం విడిగా అభ్యాసం చేయవలసి వచ్చింది.

“ద టెంపరేచర్ నాట్ చెక్డ్” లో బీ ఫారమ్ పడిపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. రిజిస్టరు గడుల్లో “చెక్డ్”, “నాట్ చెక్డ్” అని ఒంటి మాటలు రాసే అలవాటు పూర్తి వాక్యంలోకి వచ్చేసింది. గడిలో అది తప్పు కాదు. వాక్యంలో “వాజ్” లేకపోతే అది సగం వాక్యమే.

ఎవరు చేశారు?

కర్తను వదిలేయడం సౌకర్యం. ఆ సౌకర్యం వెనుక దాక్కోవడమూ సులభమే. 1987 జనవరిలో ఇరాన్-కాంట్రా వ్యవహారం (ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి, ఆ డబ్బును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్ళించిన కుంభకోణం) గురించి అమెరికా అధ్యక్షుడు రీగన్ “సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్” అన్నప్పుడు, తప్పులు జరిగాయని ఒప్పుకున్నట్టూ ఉంది, ఎవరు చేశారో చెప్పనట్టూ ఉంది. మనకూ ఇది కొత్త కాదు. “ఫైలు పంపారు”, “ఎక్కడో ఆపేశారు” అన్న జవాబులు విననివారు డెల్టాలో ఉండరు.

ప్లాంటు కాగితాల్లో ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగా కాక, నిబంధనకు సంబంధించిన ప్రశ్నగా వస్తుంది. 1997 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న అమెరికా సీఫుడ్ హాసప్ (ఆహారంలో ప్రమాదాలను ముందే గుర్తించి అరికట్టే పద్ధతి) నిబంధనల ప్రకారం, ప్రతి పర్యవేక్షణ రికార్డు మీద తేదీ, సమయంతో పాటు ఆ పని చేసిన వ్యక్తి సంతకం గాని పొడి అక్షరాలు గాని ఉండాలి. అందువల్ల వాక్యంలో కర్త లేకపోయినా ఫారంలో ఉంటాడు. “ద టెంపరేచర్ వాజ్ చెక్డ్ ఎట్ సిక్స్ టెన్” అని రాసి పక్కన సంతకం పెడితే సరిపోతుంది. ప్రతి వాక్యానికీ “బై” తగిలించనక్కర లేదు.

చిక్కు వచ్చేది పని జరగనప్పుడు. చేయని పనికి ఎవరూ సంతకం పెట్టరు. ఆమె “బై వర్కర్స్” అని రాసినప్పుడు కూలీల మీద తోసేసే ఉద్దేశం ఆమెకు లేదు. పుస్తకం “బై” పెట్టమంది, తోచిన మాట పెట్టింది. ఉష్ణోగ్రత చూడవలసింది రిసీవింగ్ దగ్గర, అంటే సరుకు దించుకునే చోట, ఉన్న క్వాలిటీ మనిషి. కాబట్టి ఇలాంటి చోట నేను పాసివ్‌ను వదిలేసి, హోదాతో యాక్టివ్ వాక్యం రాయమన్నాను: “ద రిసీవింగ్ సూపర్‌వైజర్ డిడ్ నాట్ చెక్ ద టెంపరేచర్ అంటిల్ సిక్స్ టెన్.” దీనికి ఆమె కొంత వెనుకాడింది. తోటి ఉద్యోగిని పేరు పెట్టకపోయినా వేలెత్తి చూపినట్టు ఉంటుందని ఆమె బాధ. అది న్యాయమైన బాధే. అయినా దిద్దుబాటు చర్య రాయవలసిన కాగితంలో ఎవరి పని అన్నది తేలకపోతే, ఆ దిద్దుబాటు ఎవరికి చెప్పాలో కూడా తేలదన్నది నా అభిప్రాయం. ఆమె పై అధికారి కూడా ఇదే వైపు మొగ్గాడు.

మరి “బై” ఎప్పుడు కావాలి? దీనికి ప్లాంటు బయటి ఉదాహరణ తీసుకున్నాం. ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాస్తున్నప్పుడు “ది ఆనికట్ వాజ్ బిల్ట్ బిట్వీన్ 1847 అండ్ 1852” అంటే చాలు. కాని దాన్ని కట్టించింది ఎవరన్నదే పాఠకుడికి చెప్పదలచిన కొత్త సంగతి అయితే, “ఇట్ వాజ్ బిల్ట్ అండర్ ఆర్థర్ కాటన్” అనో, “ఇట్ వాజ్ డిజైన్డ్ బై ఆర్థర్ కాటన్” అనో వాక్యం చివర ఆ పేరు రావాలి. ఇంగ్లీషు వాక్యంలో బరువైన కొత్త సంగతికి చివరి చోటు ఇస్తారు. వ్యాసం కాటన్ దొర జీవితం గురించే అయితే పాసివ్‌తో పనే లేదు. ఆయనతోనే వాక్యం మొదలుపెట్టి యాక్టివ్‌లో రాయవచ్చు. ఇదే కొలతతో ప్లాంటులో చూస్తే, “ద శాంపిల్స్ వర్ టెస్టెడ్ బై ఏన్ ఔట్‌సైడ్ ల్యాబ్” లో “బై” అవసరం, ఎందుకంటే బయటి ల్యాబ్ అన్నదే అక్కడి వార్త. “ద ష్రింప్ వర్ వాష్డ్ బై వర్కర్స్” లో అనవసరం, కడిగేది కూలీలే కాక మరెవరు?

తిరగరాసిన నివేదిక

అదే సంఘటనను ఆమె చివరకు ఇలా రాసింది: “ద లోడ్ అరైవ్డ్ ఎట్ ఫైవ్ థర్టీ ఏఎమ్. ద వ్యాన్ హాడ్ బీన్ డిలేడ్ బై ట్రాఫిక్ ఎట్ ద లాక్స్, అండ్ మోస్ట్ ఆఫ్ ది ఐస్ హాడ్ మెల్టెడ్. ద రిసీవింగ్ సూపర్‌వైజర్ డిడ్ నాట్ చెక్ ద టెంపరేచర్ అంటిల్ సిక్స్ టెన్. ఫోర్ టబ్స్ వర్ అబౌవ్ ఫోర్ డిగ్రీస్ అండ్ వర్ రిజెక్టెడ్. ఫ్రెష్ ఐస్ వాజ్ యాడెడ్ టు ద రిమైనింగ్ టబ్స్.” ఇందులో పాసివ్ మూడు చోట్లే ఉంది. మిగతావన్నీ యాక్టివ్. వాక్యాల సంఖ్య కూడా ఒకటి తగ్గింది, కారణం ఆలస్యం గురించిన వాక్యంలోనే కలిసిపోయింది కాబట్టి.

కొంతకాలం వ్యవహారం రెండో కొసకు వెళ్ళింది. పాసివ్ చేతికి వచ్చాక ఆమె దాన్ని అన్ని చోట్లా వాడసాగింది. ప్రాసెసింగ్ గది గుమ్మం దగ్గర పెట్టే నోటీసులో “హ్యాండ్స్ మస్ట్ బీ వాష్డ్ బిఫోర్ ఎంట్రీ” అని రాసింది. పద్ధతుల మాన్యువల్‌లో ఆ వాక్యం చక్కగా సరిపోతుంది. లోపలికి అడుగుపెట్టే మనిషిని ఉద్దేశించి చెప్పేటప్పుడు “వాష్ యువర్ హ్యాండ్స్” అన్నదే సరైనది. దాని పైన తెలుగులో “చేతులు కడుక్కుని లోపలికి రండి” అని పెద్ద అక్షరాలతో రాయించాం, ఆ గుమ్మం దాటేవారిలో ఎక్కువమంది చదివేది అదే.

ప్రస్తుతం ఆమె నివేదికల్లో మిగిలిన లోపం “హాజ్ బీన్”ను గడియారపు సమయంతో కలిపి రాయడం. “ద టబ్స్ హావ్ బీన్ రిజెక్టెడ్ ఎట్ సిక్స్ టెన్” లాంటివి ఇంకా వస్తున్నాయి. సమయం చెప్పిన చోట “వర్ రిజెక్టెడ్” అనే ఉండాలి. ఇది వాయిస్ సమస్య కాదు, టెన్స్ సమస్య. యాక్టివ్ వాక్యాల్లోనూ ఆమె ఇదే పొరపాటు చేస్తోంది కనుక, దాన్ని విడిగా తీసుకుని పని మొదలుపెట్టాం.